మేకలు అన్న ఒక్క మాట

చచ్చిన దుప్పి దొరికిందంటే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఈ మాట బయట అనకూడదని మా ఇంట్లో వాళ్ళు చాలాసార్లు చెప్పారు. ఒకసారి పెళ్ళి భోజనంలో ఉండగా ఫోన్ వస్తే, "చచ్చిందా? ఎంతసేపైంది? ఇంకా వెచ్చగా ఉందా?" అని పంక్తిలోనే అరిచాను. పక్కన కూర్చున్నావిడ తన విస్తరిని కొంచెం అవతలికి జరుపుకుంది. నేను పప్పన్నం వదిలేసి చెయ్యి కడుక్కుని, పట్టుచీరలోనే స్కూటర్ ఎక్కాను. వెళ్ళేసరికి ఊరకుక్కలు నా కంటే ముందు భోజనం ముగించాయి.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. చచ్చిన జంతువును కోసి, ఎందుకు చచ్చిందో చెప్పడం నా పని. ఆవో, గేదో, కోళ్ళ షెడ్డులో కోడో అయితే జనమే తెచ్చి బల్ల మీద పడేస్తారు. అడవి జంతువు చస్తే ఎవరూ తేరు, తేకూడదు కూడా. మనమే వెళ్ళాలి. శేషాచలం పాదాల్లో ఎండాకాలం పొద్దున పడిన కళేబరం సాయంత్రానికి ఎముకలగూడు. అడవిపందులు, రేచుకుక్కలు, ఊరకుక్కలు, కాకులు అన్నీ వరసలో ఉంటాయి. ఆ వరసలో చివరి ప్రాణి పరిశోధకురాలు.

ఈ పనిలోకి నేను వచ్చింది రెండు వేసవులు వరసగా చుక్కల దుప్పులు చచ్చాక. తిరుపతికి పడమరగా, చంద్రగిరి దాటి కొంత దూరం పోతే కొండకు ఆనుకుని ఒక పల్లె ఉంది. ఆ చుట్టుపక్కలే చచ్చాయి. ముక్కు కారి, నోట్లో పుళ్ళు పడి, వెనకభాగమంతా పారి. మేకలకూ గొర్రెలకూ వచ్చే పారుడు రోగం ఎలా ఉంటుందో తెలిసిన ఎవరైనా చూడగానే పోలుస్తారు. పోల్చడం సులభం. దుప్పులకు అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ దారిన వచ్చిందో చెప్పడం కష్టం. ఆ రెండో ప్రశ్నకే నాకు మూడేళ్ళ ప్రాజెక్టు ఇచ్చారు.

ఇక అనుమతుల సంగతి. అడవిలోకి అడుగుపెట్టడానికి ఒక అనుమతి. చచ్చినదాన్ని ముట్టుకోవడానికి మరొకటి. దాని ముక్కులోంచి తీసిన దూదిపుల్లను అడవి దాటించడానికి ఇంకొకటి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పై ఆఫీసు సంతకం పెట్టిన కాగితం కింది ఆఫీసులో నాలుగు నెలలు నిద్రపోయింది. వేసవిలో చచ్చే దుప్పుల మీద పరిశోధనకు అనుమతి కార్తీకమాసంలో చేతికొచ్చింది. మొదటి ఏడాది అలా పోయింది.

వచ్చాకైనా సుఖమా? మా కొండల్లో ఎర్రచందనం ఉంది. అందువల్ల అడవి అంచున సంచీతో నడిచే ప్రతి మనిషీ దొంగే. దుప్పుల పెంటికలు ఏరి, ఏది ఎక్కడ దొరికిందో రాసి, చిన్న చిన్న కవర్లలో పెట్టుకుని వస్తుంటే చెక్‌పోస్టులో ఆపేవారు. "ఏముంది మేడమ్ దీంట్లో?" "పెంటికలు." "దేనికి?" "పురుగులున్నాయేమో చూడ్డానికి." నమ్మేవాళ్ళు కాదు. ఒక్కో కవరూ విప్పి, వాసన చూసి, మొహం చిట్లించి, మళ్ళీ తిరగేసి పోసేవారు. ఏ కవరులోది ఎందులో వేశారో ఇక దేవుడికే తెలియాలి. నేను అరిచేదాన్ని. నా అరుపుకు ఆ చెక్‌పోస్టులో ఒక పేరు కూడా పెట్టారని తర్వాత తెలిసింది. అది ఇక్కడ రాయను.

ఆ పల్లెలో నాకు దొరికిన ఒకే ఒక మంచి, మేకలు కాసే ఒకామె. యాభై దాటిన మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు పొలం లేదు, భర్త లేడు, కూతురు పెళ్ళై దూరంగా ఉంది. యాభై మేకలున్నాయి. పొద్దున్నే సంగటి ముద్ద మూటగట్టుకుని మేకల్ని కొండవాలుకు తోలుకుపోవడం, పొద్దు వాలాక దిగడం. ఆ కొండవాలు లేకపోతే ఆమె బతుకు లేదు. ఇది నాకు మొదటిరోజే తెలుసు, ఎందుకంటే ఆమే చెప్పింది.

"నువ్వు రాసేదాంట్లో మా మేకల మాట వస్తాదా డాక్టరమ్మా?"

"నిజమేందో అదే రాస్తానక్కా. నిజానికి నీకేం భయం?"

"ఫారెస్టోళ్ళు మేకల్ని ఎప్పుడు ఆపుదామా అని కాసుకోనుండారు. వాళ్ళకు సేతికి కాయితం ఒకటి కావాల, అంతే. ఆ కాయితం నీది కాకుంటే సాలు."

నేను నవ్వాను. నా కాగితాలు నాతో పాటు ఇంకో ఇద్దరు తప్ప ఎవరూ చదవరని చెప్పాను. అప్పటికి అది నిజమే.

ఆమె నాకు అడవిలో కళ్ళయింది. నేను పెట్టుకున్న కెమెరాలు నెమళ్ళనూ గాలికి ఊగే కొమ్మలనూ తీశాయి. ఆమె మాత్రం ఫోన్ చేసేది. "గభాల్న రా డాక్టరమ్మా. ఉసిరిసెట్ల కాడ ఒకటి పడుండాది. కాకులింకా దిగల్యా." నా పట్టికలో ఉన్న కళేబరాల్లో సగానికి పైగా ఆమె చూపించినవే. ఒకసారి నాకు సాయం చేద్దామని గంపెడు పెంటికలు ఏరిపెట్టింది. దుప్పివి, కణితి జింకవి, తన మేకలవి, బహుశా కుందేలువి కూడా, అన్నీ కలిపి. "ఎన్ని దినాలు వంగి ఏరుకుంటావు, నడుం పోతాది" అంది. ఏది ఎక్కడిదో తెలియకపోతే నాకవి పనికిరావని చెప్పడానికి అరగంట పట్టింది. చివరికి "ఓ, దీనికీ అడ్రస్ కావాలనా" అని నవ్వి, గంప తీసుకుపోయి మిరపమొక్కలకు పోసింది. ఆ ఏడాది ఆమె మిరపకాయలు బాగా కాశాయి. నా ప్రాజెక్టులో బాగా పండినవి అవే.

ఒక మేనెల మధ్యాహ్నం గుర్తుంది. ఆడదుప్పి, తాజాగా పడింది. జ్యూస్ షాపు నుంచి తెచ్చిన ఐసు ముక్కలు థర్మకోల్ పెట్టెలో వేసుకుని పరిగెత్తాను. కానీ ఫారెస్టు మనిషి పక్కన లేకుండా చేయి వేయకూడదు, అది షరతు. ఫోన్ చేస్తే ఉన్న ఇద్దరూ దుంగల పట్టివేతలో ఉన్నారు, వస్తామన్నారు. నేనూ అక్కా కళేబరానికి చెరోపక్కా కూర్చున్నాం. ఆమె మేకల కర్రతో కాకుల్ని తోలుతోంది, నేను చున్నీతో ఈగల్ని తోలుతున్నాను. గంట, రెండు, మూడు.

"సచ్చినదాన్ని ముట్టుకునేదానికి కూడా ఆర్డరు కావాల్నా?" అంది.

"కావాలక్కా."

"బతికినప్పుడు దీన్ని ఎవురూ పట్టించుకోల్యా. సచ్చినాక ఇంత మర్యాదా?"

నాలుగో గంటలో మనిషి వచ్చాడు. పెట్టెలో ఐసు నీళ్ళయింది. తీసిన నమూనాలు ల్యాబుకు పోయాయి. మూడు నెలల తర్వాత జవాబు వచ్చింది: నమూనా పాడైంది, తిరిగి పంపగలరు. ఆ ఉత్తరాన్ని నేను నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఫైల్లో పెట్టాలి గనక టేపుతో అతికించాను.

అయినా ఆ వేసవిలోనే వేరే కొన్ని మంచి నమూనాలు దొరికాయి. దుప్పుల్లోదీ, ఆ ఊరి మేకల్లోదీ ఒకే వైరస్ అని ల్యాబు తేల్చింది. మా సార్, అంటే నా ప్రాజెక్టుకు పెద్ద, చదివి తల ఊపారు. "బాగానే ఉంది. కానీ మేకల నుంచి దుప్పులకు పోయిందా, దుప్పుల నుంచి మేకలకు వచ్చిందా? దారి చూపించకపోతే ఇది సగం పని" అన్నారు. ఆయన మాట సబబే. కొండ మీద మేకలు వాలు కిందిభాగంలోనే మేస్తాయి, దుప్పులు మనిషి అలికిడికి దూరంగా పోతాయి. రెండూ దగ్గరగా వచ్చే చోటు నాకు కనబడలేదు. పైగా రికార్డుల్లో ఆ ఊరి మేకలన్నిటికీ ఏటా పారుడు రోగం టీకా పడినట్టే ఉంది. టీకా పడిన మందలోంచి రోగం ఎలా పోతుంది? రాత్రింబవళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పెంటికల పటాలు గీశాను, నీటి గుంటల పటాలు గీశాను. ఇంట్లో గోడకు అతికించిన పటం చూసి మా ఆయన "ఇల్లు కూడా అడవి చేసినావు" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో ఏడాది, ఊళ్ళో గంగమ్మ జాతరకు ఇంకా పదిహేను రోజులుంది. అక్క వసారాలో కూర్చుని సంగటీ ఊరిబిండి పచ్చడీ తింటున్నాను. పక్కింటి మేకపిల్ల ఒకటి ముక్కు కారుతూ గోడవారన నిలబడింది. "దీనికి ఒంట్లో బాగలేనట్టుందే" అన్నాను, మామూలుగా.

"ఊ. ఈసారి దీన్నే ఒదుల్తారేమో" అంది అక్క.

"ఒదలడమేంది?"

ఆమె చెప్పింది. మందలో రోగం దిగితే మొదట ముక్కు కారిన మేకను కోయరు, అమ్మరు. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మెడలో వేపమండలు కట్టి ఊళ్ళోని దొడ్లన్నిటి చుట్టూ తిప్పుతారు. తర్వాత పొలిమేర దాటించి అడవిలో వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అది గంగమ్మ సొత్తు. రోగాన్నంతా తన మీద వేసుకుని పోతుంది.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "యాడ ఒదుల్తారక్కా?"

"ఆ కొండకింద చెలమ కాడ. పాపం, దానికి నీళ్ళన్నా దొరకల్ల గదా."

ఇసకలో తవ్విన ఆ చెలమ నా పటంలో ఉంది. వేసవిలో చుట్టుపక్కల నీళ్ళన్నీ ఎండితే దుప్పులు తాగేది అక్కడే. ముక్కూ నోరూ కారుతున్న మేకను, ఎండాకాలంలో, దుప్పులకున్న ఒకే ఒక్క నీళ్ళ దగ్గర, వెనక్కి చూడకుండా వదిలి వస్తున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ వసారాలో రెండేళ్ళుగా సంగటి తింటూ నేను గోడ మీద పటాలు గీసుకున్నాను.

"రెండేండ్లు అక్కా! రెండేండ్ల నుంచి తిరగతాండా నీతో! ఏంటికి సెప్పల్యా?" అని అరిచాను. కోపం వస్తే నాకూ చిత్తూరు యాస దాగదు.

ఆమె నా వంక వింతగా చూసింది. "నువ్వు దుప్పుల్ని గురించి అడిగితివి. గంగమ్మ మేకను గురించి యాడ అడిగితివి?"

నిజమే. నా ప్రశ్నల కాగితంలో నలభై ప్రశ్నలున్నాయి. మేత ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, టీకా ఎప్పుడు, చావులు ఎన్ని. జబ్బుపడిన మేకను ఏం చేస్తారు అన్న ప్రశ్నకు కింద మూడు గళ్ళు: అమ్ముతారు, కోస్తారు, పూడ్చిపెడతారు. నాలుగో గడి లేదు. నేనూ ఈ జిల్లాలో పుట్టినదాన్నే, చిన్నప్పుడు గంగమ్మకు అంబలి పోసినదాన్నే. ఆ కాగితం తయారు చేస్తున్నప్పుడు మాత్రం అవేవీ గుర్తుకు రాలేదు.

"మరి టీకా? మేకలకంతా సూదేసినట్టు రాసుండారే?"

"వాళ్ళొచ్చేది పదిగంటలకు. అప్పటికి మేకలు కొండెక్కి మేస్తాంటాయి. ఇంటికాడ కట్టేసిన ముసలివాటికి, పిల్లలకు ఏసి పోతారు. మేమొచ్చేకాడికి వాళ్ళుండరు."

అంతే. మూడేళ్ళ ప్రశ్నకు జవాబు రెండు వాక్యాల్లో. పదిగంటలకు కాకుండా ఐదింటికి వచ్చి ఉంటే ఆ ఊళ్ళో రోగమే ఉండేది కాదేమో, గంగమ్మకు మేకా అక్కర్లేకపోయేది. ఎవరి మీద అరవాలో తెలియక ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాను.

తర్వాత వారంలోనే ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని, టీకా మందు పట్టుకుని, తెల్లవారుజామున ఆ ఊరికి పోయాను. దొడ్లు తెరవకముందే. అక్క ఒక్కో మేకనూ మోకాళ్ళ మధ్య పట్టుకుంటే మేము సూదులు వేశాం. ఊళ్ళో వాళ్ళు మొదట దూరంగా నిలబడి చూశారు, తర్వాత వాళ్ళ మేకల్నీ తెచ్చారు. "సూదేస్తే గంగమ్మకు కోపం రాదు గదా?" అని అక్క అడిగింది. "రోగం పోవాలనే గదక్కా గంగమ్మకు మొక్కేది" అన్నాను. ఆమె ఆ మాట పట్టుకుని ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడింది. ఆ ఏడాది జాతరలో మేకను పొలిమేర దాటించలేదు. పసుపు పూసి, దొడ్ల చుట్టూ తిప్పి, గుడి వెనక పందిట్లో వేరేగా కట్టేసి, మేత వేశారు. ఇంత పెద్ద మార్పు ఇంత సులభంగా జరిగిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. నా ఉద్యోగంలో నేను నిజంగా ఉపయోగపడిన పొద్దు అదొక్కటే అనిపిస్తుంది.

మరి రిపోర్టు? అందులో చెలమ మాట రాయాలా వద్దా అని చాలా కొట్టుమిట్టాడాను. రాయకపోతే దారి తెలియదని రాయాలి, అది అబద్ధం. రాస్తే మేకల మాట వస్తుంది. సార్‌ను అడిగితే, "నువ్వు రాయాల్సింది నువ్వు చూసింది. తర్వాతి పంచాయతీ మనది కాదు" అన్నారు. రాశాను. కానీ చేయాల్సినవి కూడా విడిగా, లావు అక్షరాల్లో రాశాను. టీకాలు తెల్లవారుజామున దొడ్లలోనే వేయాలి. జాతరకు ముందే వేయాలి. వేసవి మూడు నెలలూ ఆ ఒక్క చెలమ దగ్గరికి మేకల్ని రానివ్వకుండా ఊళ్ళో నీటితొట్టి కట్టాలి. మేత ఆపకూడదు, ఎందుకంటే అడవి అంచున చచ్చినవాటిని చూసేదీ చెప్పేదీ మేకలవాళ్ళే. వాళ్ళు లేకపోతే మనకు కళ్ళు లేవు. ఈ చివరి మాట రాసి నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మీటింగ్ ఫారెస్టువాళ్ళ పెద్ద ఆఫీసులో పెట్టారు. నాకు పావుగంట ఇచ్చారు. నేను పటాలు చూపించి, చెలమ దగ్గరికి వచ్చేసరికి టీ, బిస్కెట్లు వచ్చాయి. పెద్ద ఆఫీసరు చెడ్డవాడు కాదు, చాలా పనులున్న మనిషి. గడియారం చూసుకుని, "అమ్మా, ఇవన్నీ రిపోర్టులో ఉంటాయి కదా. రోగం ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

"మేకలు" అన్నాను.

ఆ మాట ముగించేసి, టీకాల దగ్గరికీ తొట్టి దగ్గరికీ త్వరగా పోదామనుకున్నాను. "అయితే సార్, అసలు సంగతేమిటంటే..." అని మొదలుపెట్టాను. ఆయన అప్పటికే పక్కనున్నతనికి ఏదో చెబుతున్నాడు. అతను రాసుకుంటున్నాడు. "చాలా మంచి పని చేశారు మేడమ్. మాకు ఇలాంటి ఆధారమే కావాలి" అన్నాడు ఆఫీసరు. నేను గొంతు పెంచి మిగతా పేజీలు చదివాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందరూ మర్యాదగా బిస్కెట్లు తిన్నారు.

నెల తిరగకముందే కొండవాలు కింద కందకం తవ్వారు. బోర్డు పాతారు. వన్యప్రాణులకు మేకల వల్ల రోగాలు సోకుతున్నట్టు పరిశోధనలో తేలినందున మేత నిషేధం. ఆ పరిశోధన నాదే. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. ఉత్తరాలు రాశాను, నా చివరి పేజీని జిరాక్సు తీసి జతచేశాను. పరిశీలనలో ఉంది అని ఒక జవాబు వచ్చింది. మళ్ళీ రాస్తే అదే జవాబు వేరే తేదీతో వచ్చింది. సార్ దగ్గరికి పోయి ఏడ్చినంత పని చేశాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఊరికి వెళ్ళడానికి నాకు పదిరోజులు ధైర్యం చాలలేదు. వెళితే ఊళ్ళో వాళ్ళు అనాల్సినవన్నీ అన్నారు. ఒకాయన "మా ఇంట్లో కూడు తిని మా కూట్లోనే మన్ను పోస్తివి గదమ్మా" అన్నాడు.  అక్క మాత్రం దొడ్డి గుంజకు ఆనుకుని ఒకటే అడిగింది.

"నేను సెప్పిందాన్నేనా రాసినావు?"

"అవునక్కా. కానీ మేత ఆపొద్దని కూడా రాసినా. ఒట్టు. కావాలంటే సూపిస్తా."

సంచీలోంచి కాగితం తీశాను. ఆమెకు చదువు రాదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కాగితం వైపు చూడలేదు, లోపలికి పోయింది. ఇంకో రెండు వారాలకు మేకల్ని సంతకు తోలేసిందని, ఊరు వదిలి తిరుపతికి పోయిందని విన్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తర్వాతి వేసవిలో నాకు ఒక్క ఫోనూ రాలేదు. కెమెరాలు నెమళ్ళను తీశాయి. నేనే వారానికి రెండుసార్లు పోయి, కందకం చుట్టూ తిరిగి, ఎండదెబ్బ తగిలించుకుని ఉత్తచేతులతో వచ్చాను. ఆ ఏడు ఆ ప్రాంతంలో ఒక్క దుప్పి మరణమూ నమోదు కాలేదని పెద్ద ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చర్యలు ఫలించాయని, అందుకు నా పరిశోధనే కారణమని అభినందించారు. కాలేజీలో ఆ కాగితాన్ని నోటీసుబోర్డులో పెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సున్నా అంటే చావులు లేవనా, చూసేవాళ్ళు లేరనా అని తరగతిలో అడిగాను.  ఇది పరీక్షలో వస్తుందా అని ఒకమ్మాయి అడిగింది.

మొన్న వైశాఖంలో చుట్టాల కోసం గది మాట్లాడదామని బస్టాండు దగ్గర ఒక లాడ్జికి వెళ్ళాను. రెండో అంతస్తు వరండాలో అక్క కనిపించింది. నీలం కోటు వేసుకుని, యాత్రికులు విడిచిపోయిన బెడ్‌షీట్లు కుప్పగా పోసి మూటగడుతోంది. చిక్కిపోయింది. కొండ ఎండకు నల్లబడిన మొహం నీడపట్టున పాలిపోయింది.

"అక్కా" అన్నాను.  "బాగుండావా?"

"ఉండాను." మూట ముడి బిగించింది. "దుప్పులెట్లుండాయి?"

"తెలీదక్కా. ఇప్పుడు సెప్పేవాళ్ళే లేరు నాకు."

ఆమె మూటను గోడవారకు జరిపింది. తర్వాత, వంటలో ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా, "పోయిన ఆదివారం ఊరికి పోయింటి. చెలమ కాడ రెండు పడుండాయి. ముక్కులు కారుండాయి" అంది.

 మేకలు లేని కొండ. ఏడాది దాటింది. అయినా రెండు. అంటే రోగం దుప్పుల్లోనే తిరుగుతోందా? ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా? నేను ఆఫీసరుకు చెప్పిన ఆ ఒక్క మాట అసలు నిజమేనా? ఆదివారం చచ్చాయంటే ఇవాళ గురువారం, ఈపాటికి ఏమీ మిగిలి ఉండదు. పాత కోపమే పైకి తన్నుకొచ్చింది. ఎవరి మీదో చూసుకోలేదు.

"ఒక్క ఫోన్ సేయకూడదా అక్కా! నా నంబరు ఉండాది గదా నీ కాడ! ఏంటికి సెప్పల్యా?"

వరండాలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆమె మూటను తలకెత్తుకుని, మెట్ల వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. మొహంలో కోపం లేదు.

"సెప్దామనే ఫోన్ తీసినా డాక్టరమ్మా" అంది. "ఆడ ఇప్పుడు మా మేకలు కూడా లేవు గదా. ఈ తూరి ఎవురి మింద రాస్తావో అని భయమేసి, మళ్ళా లోపల పెట్టుకున్యా."